పదకొండు గొంతులు, ఒక కాంతో: ఇటలీవాళ్లలా దాంతెను కలిసి చదవడం ఎలా

'డివైన్ కామెడీ' అనే కావ్యం రాసిన ఇటాలియన్ కవిని మనం డాంటే అని రాస్తాం. ఇటలీలో ఆ పేరు దాంతె. అందులోని ద మన 'దయ'లో ద లాంటిదే, త మన 'తల'లో త లాంటిదే. తెలుగు నోటికి ఇటాలియన్ చాలా దగ్గర. మధ్యలో ఇంగ్లిష్ అడ్డుపడకపోతే చాలు. అదెలాగో కాసేపట్లో చెప్తాను. ముందు అసలు మనం చేయబోయేది ఏమిటో చూద్దాం.

ఇటలీలో దాంతె కావ్యాన్ని పైకి చదవడం పండితుల పని మాత్రమే కాదు. 1373లో ఫ్లోరెన్స్ పౌరులు నగర పాలకులకు అర్జీ పెట్టుకుని మరీ ఈ కావ్యాన్ని బహిరంగంగా చదివించి, వివరించే ఏర్పాటు చేయించుకున్నారు. ఆ పనికి కుదిరినవాడు రచయిత బొక్కాచ్చొ, జీతం వంద ఫ్లోరిన్లు. ఆ అక్టోబరులో ఒక చర్చిలో మొదలుపెట్టి, మొదటి భాగం 'ఇన్ఫెర్నొ' (నరకం)లో పదిహేడో కాంతో, అంటే సర్గ, దాకా వచ్చాక ఒంట్లో బాగోక ఆపేశాడు. మన ఊళ్లలో సాయంత్రం పూట ఒకరు భారతం చదువుతుంటే ఇంకొకరు అర్థం చెప్పినట్టే అనుకోండి. రవెన్నాలో దాంతె సమాధి దగ్గర 2020 సెప్టెంబరులో రోజుకో కాంతో చదవడం మొదలైంది. మార్చి 25ని ఇటలీ ప్రభుత్వం దాంతె రోజుగా ప్రకటించింది. దాన్ని 'దాంతెదీ' అంటారు. మొదటి దాంతెదీ 2020లో సరిగ్గా లాక్‌డౌన్ మధ్యలో వచ్చింది. మధ్యాహ్నం 12కి ఎవరి ఇంట్లో వాళ్లు ఉండి పైకి చదవమని పిలుపునిచ్చారు.

మీరు ఇటలీలో చదువుకుంటున్నా, అక్కడ ఉద్యోగం చేస్తున్నా, హైదరాబాద్‌లో ఇటాలియన్ క్లాసుకి వెళ్తున్నా ఇలాంటి ఒక పఠనం మీరూ పెట్టుకోవచ్చు. పదకొండు మంది దొరికితే చాలు. పదకొండే ఎందుకో కింద తెలుస్తుంది.

ఏ కాంతో ఎంచుకోవాలి

మొత్తం వంద కాంతోలు. 'ఇన్ఫెర్నొ'లో 34, 'పుర్గతోరియొ' (ఆత్మలు పాపాలు కడుక్కునే కొండ)లో 33, 'పరదీసొ' (స్వర్గం)లో 33. అన్నీ కలిపి 14,233 పాదాలు. ఎవరిని అడిగినా మొదట చెప్పేది 'ఇన్ఫెర్నొ' ఐదో కాంతో, అంటే పావొలొ, ఫ్రాంచెస్కల ప్రేమకథ. లేదంటే ఉలీస్సె (యులిసీస్) ప్రసంగం ఉన్న ఇరవై ఆరోది. రెండూ గొప్పవే, కానీ గుంపుకి పనికిరావు. రెండింటికీ ప్రాణం ఒక్క గొంతు. ఫ్రాంచెస్క మాట్లాడుతుంటే పక్కనున్న పావొలొ కూడా ఏడవడం తప్ప ఏమీ అనడు. దాన్ని పదకొండు మందికి పంచితే కథ ముక్కలైపోతుంది.

కలిసి చదవాలంటే 'పుర్గతోరియొ'కి రండి. నరకంలో ఎవరి బాధ వారిది. ఈ కొండ మీద మాత్రం ఆత్మలు కలిసి నడుస్తాయి, కలిసి పాడతాయి. అందుకే నేను ఎవరికైనా రెండో కాంతోనే చెప్తాను. తెల్లవారుతోంది. సముద్రం మీద ఒక పడవ వస్తోంది. తెడ్డు లేదు, తెరచాప లేదు, దేవదూత రెక్కలే దాన్ని నడుపుతున్నాయి. లోపల వందకు పైగా ఆత్మలు కూర్చుని ఒక కీర్తన పాడుతున్నాయి. ఎలా పాడుతున్నాయో కవి మాటల్లోనే చూడండి:

కంతావన్ తుత్తి ఇన్సియేమె అద్ ఊన వోచె

అంటే 'అందరూ కలిసి ఒకే గొంతుతో పాడుతున్నారు'. మీ పదకొండు మందీ ఒక్కసారిగా గొంతు కలపాల్సిన చోటు కావ్యంలోనే రాసి ఉంది.

తర్వాత ఆ గుంపులోంచి ఒకడు దాంతెను కౌగిలించుకోవడానికి ముందుకొస్తాడు. పేరు కసెల్ల, పాత స్నేహితుడు, పాటగాడు. దాంతె మూడుసార్లు చేతులు చాచి కౌగిలించుకోబోతే మూడుసార్లూ ఆ చేతులు ఖాళీగా తన రొమ్ముకే తిరిగొస్తాయి. ఒక్క పాట పాడమంటే కసెల్ల దాంతె రాసిన పాటే అందుకుంటాడు. అందరూ మైమరచి నిలబడిపోతారు. అప్పుడు ఆ కొండకి కాపలా ఉన్న ముసలి కాతో వచ్చి 'ఏంటిది, బద్ధకపు ఆత్మల్లారా!' అని కసురుతాడు. గింజలు ఏరుకుంటున్న పావురాలు బెదిరి లేచినట్టు అందరూ కొండవైపు పరుగు. ఇంత కథ 133 పాదాల్లో ఉంది. నింపాదిగా చదివితే పది నిమిషాలు.

కాగితం దగ్గరే సగం గొడవలు

అందరికీ ఒకే పాఠం ప్రింట్ తీసి ఇవ్వండి. ఇది చాలామంది పట్టించుకోరు. ఒకరి దగ్గర ఎప్పటిదో స్కూలు పుస్తకం, ఇంకొకరి ఫోన్లో ఎక్కడో దొరికిన పాఠం. దాంతె స్వహస్తంతో రాసిన ప్రతి ఏదీ మిగల్లేదు, అందుకే ప్రతుల మధ్య చిన్న చిన్న తేడాలున్నాయి. ఒంటరిగా చదివితే అవి తెలియవు. పదకొండు మంది కలిసి చదివే పాదంలో ఒక్క మాట తేడా వచ్చినా బయటపడిపోతుంది. ఇప్పుడు మామూలుగా వాడుకలో ఉన్నది 1960లలో పెత్రొక్కి పరిష్కరించిన పాఠం. అదే తీసుకోండి.

అక్షరాలు పెద్దవిగా, పాదానికీ పాదానికీ మధ్య పెన్సిల్‌తో రాసుకునేంత చోటు ఉండేలా ప్రింట్ చేయండి. ఒక మూడు పాదాల ముక్క పేజీ చివర తెగి అవతలి పేజీలోకి పోకూడదు. పేజీ తిప్పే చప్పుడు మైకులో భలే వినపడుతుంది.

నోరు తిప్పడం

ఇంగ్లిష్ మీడియంలో చదివిన మనం ఇటాలియన్ చూడగానే ట, డ అనేస్తాం. వద్దు. ఇటాలియన్‌లో ట, డ లేవు. ఖ, ఘ లాంటి ఒత్తులూ లేవు. ద్విత్వాలు మాత్రం ఖచ్చితంగా పలకాలి. ఇంగ్లిష్ వాళ్లు వీటితో తంటాలు పడతారు. అమ్మ, అక్క, అత్త అంటూ పెరిగిన మనకి కష్టమేముంది? తుత్తి, పెత్తొ, ఎస్సె అని హాయిగా అనేయండి.

వాళ్ల జెడ్ అక్షరం దగ్గర మనకి ఇంకో సుఖం ఉంది. పాత తెలుగు నిఘంటువుల్లో చ, జ నెత్తిన చిన్న గుర్తు పెట్టి దంత్యాలని వేరుగా చూపించేవారు, ౘ, ౙ అని. 'చాలు', 'చలి' అనేటప్పుడు వచ్చే చ, 'జడ', 'జాము' అనేటప్పుడు వచ్చే జ. ఇటాలియన్ జెడ్ ఈ రెండింట్లో ఏదో ఒకటి. మూడు పాదాల ముక్కని వాళ్లు తెర్ౘీన అంటారు. కావ్యంలో మొదటి పాదంలోనే మెౙ్ౙొ అనే మాట ఉంది. ఇ, ఎ ముందు వచ్చే 'సి' అక్షరం మాత్రం మన 'చీమ'లో చ.

ఇక అచ్చులు. మనవాళ్ల పెద్ద పొరపాటు ఇక్కడే. మాట చివరి అచ్చుని సాగదీస్తాం. 'నోస్ట్రా విటా' అంటాం. అది నొస్త్ర వీత. ఊనిక పడ్డ అచ్చు కాస్త సాగుతుంది, చివరిది పొట్టిగా, కానీ స్పష్టంగా వినపడాలి. దీనికి నేను వాడే చిట్కా ఒకటుంది. పాదం కింద తెలుగులో రాసుకుని, ఊనిక పడి సాగే చోట మాత్రమే దీర్ఘం పెట్టుకుంటాను. ఇలా:

నెల్ మెౙ్ౙొ దెల్ కమ్మిన్ ది నొస్త్ర వీత

మెౙ్ౙొలో ఊనిక 'మె' మీదే, కానీ వెనక ద్విత్వం ఉంది కాబట్టి అది సాగదు. వీతలో 'వీ' సాగుతుంది. ఒక పేజీ ఇలా రాసుకుంటే రెండో పేజీకి అలవాటైపోతుంది.

పదకొండు లెక్క

పాదానికి పదకొండు అక్షరాలు, అంటే మన లెక్కలో పలికే ముక్కలు. పదో దాని మీద ఊనిక తప్పదు. దానికి తోడు చాలాసార్లు నాలుగో దాని మీదో ఆరో దాని మీదో ఇంకో ఊనిక పడుతుంది. మిగతాది కవి ఇష్టం. మన గణాల్లాంటి కట్టుబాటు కాదు.

వేళ్ల మీద లెక్కపెడితే పన్నెండు, పదమూడు వస్తున్నాయా? అక్కడ సంధి ఉంది. పైన చెప్పిన కోరస్ పాదం చూడండి: కన్, తా, వన్, తుత్, తిఇన్, సియే, మెఅద్, ఊ, న, వో, చె. 'తుత్తి'లోని చివరి ఇ, 'ఇన్సియేమె'లోని మొదటి ఇ ఒకే దెబ్బలో పడ్డాయి. కానీ ఒక తేడా ఉంది. మన సంధిలో 'మీరు అంటే' 'మీరంటే' అవుతుంది, ఒక అచ్చు పోతుంది. ఇక్కడ ఏ అచ్చూ పోదు. 'మెఅద్' అన్నప్పుడు ఎ, అ రెండూ వినపడాలి, కాలం మాత్రం ఒక్కదానికే ఇవ్వాలి. మొదట్లో నోరు జారుతుంది. నాలుగు రోజులు గిన్నెలు కడుగుతూ అదే పాదం అనుకోండి, దానంతటదే కుదురుతుంది.

లెక్క ఎందుకంటారా? పద్నాలుగో శతాబ్దపు కథకుడు ఫ్రాంకొ సక్కెత్తి ఒక కథ చెప్పాడు. ఒక గాడిదలవాడు దాంతె పద్యాలు పాడుకుంటూ పోతున్నాడు. కాస్త పాడటం, గాడిదని ఒకటి వేసి 'అర్రి!' అనడం, మళ్లీ పాడటం. ఎదురుగా వస్తున్న దాంతె విని, వాడి భుజం మీద ఒక్కటి చరిచి, 'ఆ అర్రి నేను రాయలేదు' అన్నాడట. మీ గుంపులో కూడా ఒక అర్రి ఉంటుంది. పాదం మధ్యలో తడబడి 'సారీ' అంటారు, లేదా గొంతు సవరించుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. తప్పు పోయినా సరే ఆగొద్దు, సారీ చెప్పొద్దు అని రిహార్సల్‌లోనే గట్టిగా చెప్పండి.

పంచడం, అందించడం

133 పాదాలు అంటే 44 తెర్ౘీనలు, చివర ఒక ఒంటరి పాదం. పదకొండు మందికి తలా నాలుగు. చివరి పాదం అందరిదీ. కావాలని కుదుర్చుకున్నా ఇంత చక్కగా రాదేమో. నాలుగో మనిషి వంతులో నాలుగో తెర్ౘీన సరిగ్గా ఆ కీర్తన తెర్ౘీనే అవుతుంది. ఏడో మనిషికి కౌగిలి వస్తుంది. పదో మనిషి వంతు చివరి పాదంలో కాతో కేక మొదలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కావ్యంలో ప్రాసలు గొలుసులా ఉంటాయి. తెర్ౘీనలో ఒకటి, మూడు పాదాలకి ఒకే అంత్యప్రాస. మధ్య పాదం మాత్రం కొత్త ప్రాస తెస్తుంది. అది అక్కడ జత దొరక్కుండా నిలబడి ఉంటుంది. తర్వాతి తెర్ౘీన దాన్ని అందుకుంటుంది. కీర్తన తెర్ౘీనలో మధ్య పాదం 'వోచె'తో ఆగుతుంది. తర్వాత వచ్చే ఐదో మనిషి మొదటి పాదం 'క్రోచె', మూడో పాదం 'వెలోచె'. అంటే అందరూ కలిసి విసిరిన మాటని ఐదో మనిషి ఒంటరిగా పట్టుకోవాలి. 'వోచె' గట్టిగా, స్పష్టంగా పడకపోతే 'క్రోచె' గాల్లో వేలాడుతుంది.

అందుకే ప్రతి ఒక్కరికీ రెండే పనులు చెప్పండి. ఒకటి, మీ చివరి తెర్ౘీనలో మధ్య పాదం చివరి మాటని మింగొద్దు. రెండు, మీ ముందు మనిషి చదువుతున్నప్పుడు మీ వంతు పాదాలు చూసుకోవద్దు, వాళ్ల కాగితంలో చివరి మూడు పాదాలు మీ కాగితం పైన కూడా ప్రింట్ చేసుకుని వినండి. మంచి గొంతు లేకపోయినా ఫర్వాలేదు. వినే చెవి ఉంటే పఠనం నిలబడుతుంది.

దీన్ని నేను నేర్చుకున్నది సిగ్గుపడి. ఒక పేటలోని గ్రంథాలయంలో జరిగిన పఠనానికి మొదటిసారి వెళ్లినప్పుడు, పౌరాణిక నాటకాలు చూసి పెరిగిన అలవాటు కొద్దీ, నా వంతు చివరి పాదాన్ని రాగం తీసి సాగదీశాను. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ నా మోచేయి తట్టి, 'బెల్లీస్సిమొ' అని నవ్వి, 'కానీ నేనెక్కడ అందుకోవాలి?' అంది. నా రాగం అయిపోయిందో లేదో తెలియక ఆవిడ రెండుసార్లు నోరు తెరిచి మూసుకుందట. ఇటలీలోనూ పాడేవాళ్లున్నారు. తొస్కాన (టస్కనీ)లో ఎనిమిది పాదాల పద్యాన్ని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఆశువుగా పాడే సంప్రదాయం ఇంకా బతికే ఉంది. అది వేరే విద్య. దాంతెను కలిసి చదివేటప్పుడు మాట్లాడే గొంతే చాలు. గొంతులో లయ ఉంటే సరిపోతుంది, రాగం అక్కర్లేదు.

రిహార్సల్

రెండు చాలు. మూడోది పెడితే జనం నటించడం మొదలుపెడతారు.

మొదటిదానికి అందరూ గుండ్రంగా కూర్చుని అర్థం తెలుసుకోండి. ఎవరికి ఏ పాదం అర్థం కాలేదో సిగ్గుపడకుండా అడగాలి. ఇటలీవాళ్లకి కూడా ఏడు వందల ఏళ్ల నాటి భాష కింద నోట్సు లేకుండా పూర్తిగా అర్థం కాదు, కాబట్టి మీరేం తక్కువ కాదు. కాతో ఎవరో, ఎందుకంత కోపమో అందరికీ తెలియాలి. తెలియకుండా కేక వేస్తే అది ఉత్త అరుపే.

రెండోది నిలబడి, చదవబోయే చోటే. ఇందులో ఎక్కువ సమయం కోరస్‌కి ఇవ్వండి. కోరస్ తెర్ౘీన లాటిన్ కీర్తన మొదటి మాటలతో మొదలవుతుంది, 'ఇన్ ఎక్సితు ఇస్రాయెల్' అని. అందరూ ఒకేసారి మొదలుపెట్టడానికి చేతి సైగలు వద్దు, అంకెలు లెక్కపెట్టడం అసలే వద్దు. నాలుగో మనిషి అంతకు ముందు పాదం 'సెదియేరొ' అని ముగించగానే అందరూ కలిసి ముక్కుతో ఊపిరి తీసుకోండి. ఆ ఊపిరి చప్పుడే సైగ. మొదటి రెండుసార్లు నవ్వొస్తుంది, మూడోసారి ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కాతో పాత్ర పదకొండో మనిషిది. అతన్ని మిగతావాళ్లతో నిలబెట్టకండి. శ్రోతల వెనక, తలుపు దగ్గర ఉంచండి. కసెల్ల పాటకి అందరూ మైమరిచారని పదో మనిషి చెప్తూ, ముసలాయన అరుస్తూ వచ్చాడనే మాట దాకా రాగానే, వెనక నుంచి 'కె ఎ చో, స్పీరితి లెంతి?' అని ఆ గొంతు దూసుకురావాలి. దూరం నుంచి వచ్చే గొంతుకి ఉండే బలమే వేరు. 1786లో వెనిస్ వెళ్లిన జర్మన్ కవి గొథె, పడవవాళ్ల చేత ఇటాలియన్ కవి తాస్సొ పద్యాలు పాడించుకున్నాడు. ఒకడు ఇక్కడ, ఇంకొకడు చాలా దూరాన. దగ్గర నుంచి వింటే కఠినంగా ఉన్న పాట దూరం నుంచి వింటే కళ్ల నీళ్లు తెప్పించిందన్నట్టు రాసుకున్నాడు.

చదివే రోజు

ఇరవై ముప్ఫై మంది పట్టే గది అయితే మైకు వద్దు. రాతి గోడల చర్చి అయితే మాటలు ప్రతిధ్వనిస్తాయి, వేగం తగ్గించండి. ఆరుబయట అయితే గోడకి వీపు పెట్టి నిలబడండి, గొంతు ముందుకి పడుతుంది. 1981 జులై 31న నటుడు కార్మెలొ బేనె బొలోన్యలో అసినెల్లి బురుజు మీద నుంచి లౌడ్‌స్పీకర్లలో దాంతెను చదివి ఊరంతటికీ వినిపించాడు, అంతకు ముందు ఏడాది రైల్వే స్టేషన్ బాంబు పేలుడులో చనిపోయిన 85 మందిని తలుచుకుంటూ. అది ఆ సందర్భానికి, ఆ మనిషికి చెల్లింది. మనకి పొరుగింటివాళ్ల ఫిర్యాదు తప్ప ఏమీ రాదు.

మొదలుపెట్టే ముందు ఒకరు మూడు నిమిషాలు కథ చెప్పండి. శ్రోతల్లో తెలుగువాళ్లుంటే తెలుగులోనే చెప్పండి. పడవ, పాట, కౌగిలి, కసురు. అంతే. కవి పుట్టింది 1265లో, పోయింది 1321లో అంటూ జీవిత చరిత్ర ఎత్తుకోకండి. మధ్యలో ఆగి అర్థాలు చెప్పొద్దు, బొక్కాచ్చొ పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆయన ఒక్కో కాంతోకి రోజులు తీసుకున్నాడు, మీకున్నది పది నిమిషాలు.

చివరి పాదం అందరూ కలిసి చదివాక రెండు క్షణాలు కదలకుండా నిలబడండి. కాగితాలు మడవడం, ఫోన్ తీయడం తర్వాత. చప్పట్లు అప్పుడొస్తాయి. అక్కడైతే 'బ్రావి' అంటారు. ఒక మగవాడికైతే బ్రావొ, ఒక ఆడమనిషికైతే బ్రావ, గుంపుకైతే బ్రావి. ఆ తర్వాత వైను, కాసిన్ని బిస్కెట్లు. ఎవరు ఎక్కడ తడబడ్డారో చెప్పుకోవడం అప్పుడు మొదలవుతుంది, కాస్త గట్టిగానే జరుగుతుంది. కంగారుపడకండి, అది పోట్లాట కాదు.

రవెన్నాకి వెళ్తే

ధైర్యం వచ్చాక సమాధి దగ్గరికి ఒకసారి వెళ్లండి. చాలా చిన్న కట్టడం, 1780లలో కట్టింది. లోపల ఒక దీపం వెలుగుతుంటుంది. దాని నూనెని ఏటా సెప్టెంబరులో ఫ్లోరెన్స్ పంపుతుంది, బతికుండగా వెళ్లగొట్టిన కవి కోసం. అక్కడ జరిగే పఠనాల సమయం కాలాన్ని బట్టి మారుతుంటుంది, వెళ్లే ముందు కనుక్కోండి. వినడానికైతే ఊరికే వెళ్లి నిలబడొచ్చు. చదవాలంటే మాత్రం ముందే పేరివ్వాలి. మీకిష్టమైన కాంతో చదువుతానంటే కుదరదు, ఆ రోజు వరసలో ఏది వస్తే అదే. ఒక్కోసారి 'పరదీసొ'లో చంద్రుడి మీద మచ్చల గురించి వాదించే కాంతో మీ పాలిట పడుతుంది. పడితే పడనివ్వండి, పెన్సిల్‌తో దీర్ఘాలు పెట్టుకుని తయారవ్వండి. వందోది ముగిసిన మర్నాడు ఇంకెవరో అక్కడ నిలబడి మళ్లీ 'నెల్ మెౙ్ౙొ దెల్ కమ్మిన్' అని మొదలుపెడతారు.